చేతిలోనే ఉండవలసిన సంచి

మన సంఘాలలో ఇప్పుడు బిడ్డలు విదేశాలలో లేని ఇల్లు అరుదు. కూతురికి పురుడు పోయడానికో, కొడుకు గృహప్రతిష్ఠ ప్రార్థనకో, మనుమల ముఖం చూసుకోవడానికో పెద్దవాళ్ళు విమానం ఎక్కుతూనే ఉన్నారు. బయలుదేరడానికి నెల రోజుల ముందు నుంచే ఇంట్లో సర్దుడు మొదలవుతుంది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, సున్నుండలు, పసిబిడ్డ పక్కకు మెత్తని పాతచీరలు, తెలుగు బైబిలు, పాటల పుస్తకం. పెట్టెకు 23 కిలోలని తూకం వేసి, అరకిలో ఎక్కువైతే ఏది తీయాలో తెలియక ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడతాము. ఈ హడావుడిలో చివరకు మిగిలేవి మన మందులు. "మందులదేముంది, ఏ సందులోనైనా పడతాయి" అని బట్టల మడతల్లో దూర్చేస్తాము.

ఇంట్లో షుగర్ జబ్బుకు ఇన్సులిన్ తీసుకునేవారు ఉంటే ఆ మాట అనకూడదు. సర్దుడు చివరకు మందుల దగ్గరకు రావడం కాదు, మందుల దగ్గరే మొదలు కావాలి. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఇన్సులిన్ దేవుడు మన కాలానికి ఇచ్చిన గొప్ప ఈవులలో ఒకటి. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో బాంటింగ్, బెస్ట్ అనే వైద్య పరిశోధకులు దానిని వెలికి తీశారు. 1922 జనవరిలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ళ అబ్బాయి దానిని మొదటిసారి సూది ద్వారా పొందాడు. అంతకు ముందు చిన్నతనంలో ఈ జబ్బు వచ్చిన పిల్లలకు మరణమే గతి. దానిని కనుగొన్నవారు పేటెంటు హక్కులను ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. అంత ఉచితంగా మనుషుల చేతికి వచ్చిన ఆ మందు చాలా సున్నితమైనది. ఎండకు చెడిపోతుంది, గడ్డకడితే పనికిరాదు. చిన్ననాటి నుంచి షుగర్ ఉన్నవారికి అది ఒకటి రెండు రోజులు అందకపోయినా ప్రాణం మీదికి వస్తుంది. మా వారిలాగా పెద్ద వయస్సులో వచ్చినవారికి అంత త్వరగా కాకపోయినా, షుగర్ పెరిగిపోయి పరాయి దేశంలో ఆసుపత్రి పాలు కావలసి వస్తుంది.

మా వారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. షుగర్ వచ్చి 22 ఏళ్ళు, ఇన్సులిన్ మొదలు పెట్టి 9 ఏళ్ళు అయిన తరువాత, 2019 మే నెలలో మా అమ్మాయి తొలి కాన్పుకు మేమిద్దరం గుంటూరు నుంచి అమెరికాలోని డల్లాస్ నగరానికి బయలుదేరాము. అంతకు మునుపు మేము విమానం ఎక్కి ఎరుగము.

మందుల సంగతి వచ్చేసరికి మా వారు, "అవన్నీ పెద్ద పెట్టెలో వేసెయ్యి. చెకింగ్ దగ్గర పదిమంది ముందు సంచి విప్పి సూదులు బయటకు తీస్తే నా మర్యాద ఏం కాను?" అన్నారు. ఆయనకు మొదటి నుంచీ అదే బాధ. సంఘంలో ప్రేమవిందు జరిగినా పాస్టరుగారి ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుని సూది వేసుకుని వచ్చేవారు. పాస్టరుగారికి, నాకు తప్ప ఆయన ఇన్సులిన్ తీసుకుంటారని చాలా కాలం ఎవరికీ తెలియదు.

స్త్రీల సమాజంలో మా ప్రయాణం కొరకు ప్రార్థించిన రోజున ఒక సహోదరి నన్ను పక్కకు పిలిచి, "టీచరుగారూ, ప్రభువు చేతికి అప్పగించాం కదా. మళ్ళీ పద్నాలుగు సీసాలు, అన్నన్ని సూదులు అంటే మన విశ్వాసం ఏమైనట్లు?" అని అడిగింది. మంచి మనస్సుతోనే అడిగింది. ఆమెకు జవాబు అప్పుడు నేను సరిగా చెప్పలేదు. ఈ వ్యాసంలో చెబుతాను.

మాకు దారి చూపినవారు మా డాక్టరమ్మగారు. ప్రయాణానికి ఆరు వారాల ముందే రమ్మని పిలిచి, మా ఇద్దరినీ కూర్చోబెట్టి పిల్లలకు పాఠం చెప్పినట్లు చెప్పారు.

మొదటిది, ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. పెద్ద పెట్టె విమానం అడుగు భాగానికి పోతుంది. అక్కడ చలి ఎంత ఉంటుందో మన చేతిలో లేదు. పెట్టె దారి తప్పితే మందూ దారి తప్పుతుంది. అంతేకాదు, పైన పెట్టుకునే చక్రాల సంచిలో కూడా వద్దన్నారు. విమానం నిండిపోతే ఆఖరి నిమిషంలో ఆ సంచులను కూడా తీసుకుని అడుగుకు పంపిస్తారు. కనుక భుజానికి తగిలించుకునే చిన్న సంచి ఒకటి మందులకే విడిగా ఉండాలన్నారు.

రెండవది, లెక్క. మా వారికి ఉదయం 24, రాత్రి 16, మొత్తం రోజుకు 40 యూనిట్లు. మన దేశంలో మామూలుగా దొరికే 10 మి.లీ. సీసాలో మి.లీ.కి 40 చొప్పున 400 యూనిట్లు ఉంటాయి. అంటే సీసా పది రోజులకు వస్తుంది. మూడు నెలలకు 9 సీసాలు. పగిలేది, చెడేది, తిరుగు ప్రయాణం వాయిదా పడేది లెక్క చూసుకుని మరో సగం కలపమన్నారు. అలా 14 సీసాలు. వాటిని రెండు భాగాలు చేసి సగం ఆయన సంచిలో, సగం నా సంచిలో పెట్టాము. సిరంజిలు, గ్లూకోమీటరు, దానికి అదనపు బ్యాటరీ, స్ట్రిప్పుల డబ్బాలు కూడా అలాగే పంచాము. స్ట్రిప్పులను వాటి డబ్బాలోనే మూత గట్టిగా పెట్టి ఉంచాలి. గాలి, తేమ తగిలితే లెక్క తప్పు చూపిస్తాయి.

మూడవది, ఉత్తరం. డాక్టరమ్మగారు తమ లెటర్‌హెడ్ మీద ఈయనకు షుగర్ ఉన్నదని, ఇన్సులిన్, సూదులు, మీటరు, చల్లదనానికి జెల్ ప్యాకెట్లు వెంట ఉండడం అవసరమని వ్రాసి ఇచ్చారు. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉన్నదో అక్షరం పొల్లుపోకుండా అలాగే వ్రాశారు. మందుకు కంపెనీ పెట్టిన పేరుతో పాటు అసలు పేరు కూడా వేశారు. కంపెనీ పేర్లు దేశానికొక తీరుగా ఉంటాయి, అసలు పేరు చెబితే ఎక్కడి డాక్టరుకైనా తెలుస్తుంది. సీసాలను వాటి అట్టపెట్టెలలోనే ఉంచమన్నారు.

అందరూ విమానం గురించే భయపడతారు గాని, మే నెలలో మన మందుకు అసలు గండం రోడ్డు మీదే ఉన్నది. గుంటూరు నుంచి శంషాబాద్ దాకా కారులో ఆరు గంటలు. మధ్యాహ్నం బయలుదేరి, దారిలో టీ కోసం ఆగి, సంచిని తలుపులు మూసిన కారులో వదిలితే ఆ కాసేపటికే ఇన్సులిన్ ఉడికిపోతుంది. వాడకంలో లేని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుతున్న సీసా ఎండ తగలకుండా సుమారు 25 డిగ్రీల చల్లదనంలో ఉంటే మామూలుగా నాలుగు వారాలు పనిచేస్తుంది. ఫ్రిజ్ లేని ఇళ్ళలో మట్టికుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న డబ్బాలో ఇన్సులిన్ ఉంచుకునేవారిని మీరూ చూసే ఉంటారు. అదే సూత్రంతో మేము వెడల్పు మూతి ఫ్లాస్కు తీసుకున్నాము. జెల్ ప్యాకెట్టును చేతి తువ్వాలులో చుట్టి అడుగున పెట్టి, దాని మీద మరో గుడ్డ వేసి, సీసాలు పేర్చాము. మంచు సీసాకు నేరుగా తగలకూడదు. తగిలితే గడ్డకట్టి, కరిగిన తరువాత చూడడానికి బాగానే ఉన్నా పనిచేయదు. దారిలో కారు ఆగిన ప్రతి చోటా సంచి నాతోనే దిగింది.

శంషాబాద్‌లో చెకింగ్ దగ్గర నేను ముందుగానే, "ఇవి షుగర్ మందులు, సూదులు ఉన్నాయి" అని చెప్పి ఉత్తరం చేతికిచ్చాను. ఆ అధికారి చదివి, ఫ్లాస్కు మూత తీసి చూసి, మూసి ఇచ్చివేశారు. అంతా రెండు నిమిషాల పని. మా వారు మాత్రం ఆ సంచి తనది కానట్లు అటు తిరిగి నిలబడ్డారు.

గల్ఫ్ నగరంలో మేము విమానం మారాలి. తెల్లవారుజామున మొదటి విమానంలో ఫలహారం పెట్టినప్పుడు ఆయన ఉదయం మోతాదు తీసుకున్నారు. దిగిన తరువాత అమెరికా వెళ్ళేవారికి మళ్ళీ తనిఖీ ఉన్నది. ఆ వరుస కొండచిలువలా మెలికలు తిరిగి ఉన్నది. మన లెక్కన ఉదయం పదకొండు అయ్యింది. రోజూ ఆయన బిస్కెట్లు తినే వేళ. "ఏమండీ, రెండు తినండి" అని ఇవ్వబోతే, "ఇంతమందిలో నిలబడి నమలడం ఏమిటి? లోపలికి వెళ్ళాక తింటాలే" అన్నారు. మరో అరగంట గడిచింది. నేనేదో అడిగితే పొంతన లేని జవాబు చెప్పారు. చూస్తే చొక్కా తడిసిపోయి ఉన్నది. అంత చల్లని హాలులో నుదుటిపైన చెమట. పాస్‌పోర్టు పట్టుకున్న చెయ్యి వణుకుతున్నది.

షుగర్ పడిపోతున్నదని నాకు అర్థమైంది. నీళ్ళ సీసా అంతకు ముందే తీయించివేశారు. సంచి పై అరలో గ్లూకోజు పొడి చిన్న ప్యాకెట్టు ఉన్నది. పొడి పొడిగానే ఆయన నోట్లో వేశాను. చుట్టూ వరుస మాత్రం ముందుకు జరుగుతూనే ఉన్నది. "ప్రభువా, ఈ మనిషిని ఇక్కడ పడనివ్వకు" అని లోపల ప్రార్థిస్తున్నాను.

అప్పుడు మా వెనుక నిలబడిన ఒక అమ్మాయి తెలుగులో, "ఆంటీ, అంకుల్‌కి షుగర్ డౌన్ అయిందా?" అని అడిగింది. చదువుకోవడానికి టెక్సస్ వెళుతున్న పిల్ల. ఇరవై రెండేళ్ళుంటాయేమో. వెంటనే తాడు దాటి వెళ్ళి, అక్కడి ఉద్యోగితో మాట్లాడి కుర్చీ తెప్పించింది. నేను మీటరు తీసి చూస్తే 58 ఉన్నది. 70కి తగ్గితేనే తక్కువ అయినట్లు లెక్క. ఆ అమ్మాయి ఆయన ప్రక్కన నేల మీదే కూర్చుని గడియారం చూస్తూ ఉన్నది. పదిహేను గ్రాములంత గ్లూకోజు ఇవ్వడం, పదిహేను నిమిషాలు ఆగడం, మళ్ళీ పరీక్ష చేయడం, ఇదే పద్ధతి. రెండవసారి చూస్తే 84. అప్పుడు బిస్కెట్లు తినిపించాము.

ఆయన తేరుకుని సిగ్గుతో తల వంచుకున్నారు. ఆ అమ్మాయి తన పొట్టి చేతుల చొక్కా క్రింద దండకు అతికించి ఉన్న రూపాయి బిళ్ళంత పరికరం చూపించింది. "ఇది నా షుగర్ చూసే సెన్సారు అంకుల్. నాకు తొమ్మిదో ఏట నుంచీ ఉంది. స్కూల్లో అందరికీ చెప్పమని మా అమ్మ నేర్పింది. చెబితేనే కదా, పడిపోతే ఎవరైనా పట్టుకునేది" అన్నది. ఎంతో మామూలుగా, కళ్ళజోడు గురించి చెప్పినట్లు చెప్పింది.

మా వారు దానికి ఏమీ అనలేదు. కాని విమానంలో భోజనం వచ్చినప్పుడు, నేను బాత్రూములోకి వెళ్ళమని చెప్పకుండానే, తన సీటులోనే కూర్చుని చొక్కా ప్రక్కకు జరిపి సూది వేసుకున్నారు. ప్రక్క సీటాయన ఒకసారి చూసి, మళ్ళీ తన సినిమా చూసుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆయన మోస్తున్న బరువు అక్కడ దిగిపోయింది.

విమానంలో ఒక నియమం మరువవద్దు. భోజనం పళ్ళెం మన ముందుకు వచ్చేదాకా ఇన్సులిన్ వేసుకోకూడదు. బండి ముందు వరుసలో కనిపిస్తున్నది కదా అని వేసుకుంటే, ఇంతలో విమానం కుదుపులకు లోనై వడ్డన ఆపివేయవచ్చు. షుగర్ ఉన్నవారికి ప్రత్యేక భోజనం కావాలంటే ముందుగానే చెప్పుకోవాలి. అయినా మన చపాతీలు, వేయించిన శనగలు సంచిలో ఉండడమే మేలు. వాడిన సూదులను సీటు జేబులో వేయకుండా, మూత బిగించే గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి వెంట తీసుకుపోవాలి. అవి గుచ్చుకునేది ఊడ్చే మనిషికి.

వేళల సంగతి కూడా చెప్పాలి. డల్లాస్ గడియారం వేసవిలో మనకంటే పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. పడమరకు పోతుంటే పగలు సాగుతూనే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు కుదించుకుపోతుంది, రెండు మోతాదులు దగ్గర దగ్గరగా పడే ప్రమాదం ఉన్నది. అందుకని డాక్టరమ్మగారు ఏ గంటకు ఎంత అనేది కాగితం మీద వ్రాసి ఇచ్చి, ఇల్లు చేరేదాకా చేతిగడియారం ముల్లు త్రిప్పవద్దన్నారు. ఈ లెక్క ఒక్కొక్కరికి ఒక్కొక్క విధంగా ఉంటుంది కనుక ఎవరి డాక్టరును వారే అడగాలి.

డాక్టరమ్మగారు చెప్పినట్లే, విమానం తలుపు దగ్గర చక్రాల సంచులన్నింటికీ చీటీలు కట్టి అడుగుకు పంపించారు. మందుల సంచులు మా భుజాలనే ఉన్నాయి. డల్లాస్‌లో దిగి చూస్తే మా రెండు పెద్ద పెట్టెలలో ఒకటి రాలేదు. మూడు రోజులకు ఇంటికి తెచ్చి ఇచ్చారు. అందులో ఆవకాయ, బట్టలు ఉన్నాయి. ఆవకాయ మూడు రోజులు ఆలస్యమైతే ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు.

ఇంకొక ముఖ్య విషయం. మన సీసాలో మి.లీ.కి 40 యూనిట్లు ఉంటే అమెరికాలో 100 ఉంటాయి. మన 40 సిరంజికి ఎర్ర మూత, 100 సిరంజికి నారింజ రంగు మూత ఉంటాయి. మన సీసాను అక్కడి సిరంజితో 24 గీత దాకా తీస్తే ఒంట్లోకి పోయేది పది యూనిట్లు కూడా కాదు. అక్కడి మందును మన ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా తీస్తే 60 యూనిట్లు పోతుంది. అది ప్రాణాలు తీయగలదు. కాబట్టి మన మందుకు సరిపడా మన సిరంజిలే తీసుకు వెళ్ళాలి. అక్కడ మందు కొనవలసి వస్తే సిరంజి కూడా అక్కడిదే కొని, ఆ డాక్టరుకు మన సీసా చూపించాలి. మా అమ్మాయి, అల్లుడు చదువుకున్నవారే అయినా ఈ తేడా వారికి తెలియదు. వచ్చిన రోజునే వారికి చూపించాము.

ఇప్పుడు ఆ సహోదరి అడిగిన ప్రశ్నకు వస్తాను. మన పౌలు అపొస్తలుడు ఎంత విశ్వాసి! అయినా చెరసాల నుంచి తిమోతికి వ్రాసిన చివరి పత్రికలో, త్రోయలో కర్పు దగ్గర విడిచి వచ్చిన అంగీని వచ్చేటప్పుడు తెమ్మని అడిగాడు. చలికాలం రాకముందే రమ్మన్నాడు. పరలోకపు కిరీటం గురించి వ్రాసిన చేతితోనే చలికి అంగీ కావాలని వ్రాశాడు. అందుకు సిగ్గుపడలేదు. తన శరీరానికి ఏమి అవసరమో తోటివానికి చెప్పుకున్నాడు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో ఓడ ప్రయాణం చూడండి. ఎవరి ప్రాణమూ పోదని దేవుని దూత ముందే చెప్పాడు. అంతటి వాగ్దానం చేతిలో ఉన్నా, పద్నాలుగవ రోజున పౌలు అందరినీ ఆహారం తీసుకొమ్మని బతిమాలాడు. 276 మంది ఎదుట రొట్టె పట్టుకుని, దేవునికి కృతజ్ఞత చెల్లించి, తానే మొదట తిన్నాడు. కాపాడతానన్న దేవుని మాట, తినవలసిన రొట్టె, ఈ రెండూ ఆయనకు ఒకదానికొకటి అడ్డు కాలేదు. ఈ అధ్యాయాన్ని చిన్నప్పటి నుంచీ ఎన్నోసార్లు చదివాను. చుట్టూ జనం చూస్తుండగా మా వారికి బిస్కెట్టు తినిపించిన తరువాతనే అది నాకు తెలిసివచ్చింది.

ప్రియ సహోదరీ, మందు సర్దుకోవడం అవిశ్వాసం కాదు. దేవుడు ఇచ్చిన శరీరానికి, దేవుడు ఇచ్చిన జ్ఞానానికి లెక్క అప్పజెప్పడమే. మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ మీద ఉండి ప్రయాణం కడుతుంటే, పచ్చడి జాడీ తూచే ముందు ఆ చిన్న సంచి సిద్ధం చేయండి. అందులో ఏమున్నదో వెంట వెళ్ళేవారికి ఒక్కొక్కటి చూపించండి. ఒంటరిగా వెళ్ళే తల్లి అయితే, "నాకు షుగర్ ఉన్నది, నేను తడబడితే తీపి ఇవ్వండి" అని ఇంగ్లీషులో వ్రాసిన కాగితం ఆమె మెడలోని పర్సులో పెట్టండి. ప్రక్క సీటువారికి చెప్పుకోవడానికి ధైర్యం ఇవ్వండి.

ఆ సంవత్సరం ఆగస్టులో మేము తిరిగి వచ్చిన తరువాత ఆదివారం ఆరాధనలో మా వారు సాక్ష్యం చెప్పారు. మనుమరాలి గురించి రెండు ముక్కలు చెప్పి, తనకు షుగర్ ఉన్న సంగతి, సూదుల సంగతి అందరి ముందు చెప్పారు. ఆరాధన ముగిశాక ముగ్గురు పెద్దలు ఒకరి తరువాత ఒకరు ఆయన దగ్గరకు వచ్చి, తామూ చాటుగా సూది వేసుకుంటున్నామని మెల్లగా చెప్పారు. అప్పటి నుంచి మా సంఘంలో ఎవరు విదేశం వెళుతున్నా పాస్టరుగారు ప్రయాణ ప్రార్థనకు ముందు, "మందుల సంచి చేతిలోనే ఉందా?" అని అడుగుతారు. ఉన్నదని చెప్పిన తరువాతనే తల మీద చెయ్యి ఉంచి ప్రార్థిస్తారు.